వెనిల్లా, టీ కలిసిన రెండు సెంట్లు: నేను ఒకటి ఎలా ఎంచుకున్నానంటే

రెండు సీసాల వివరాల్లోనూ రాసింది దాదాపు ఒకటే: బెర్గమాట్ (నిమ్మజాతి పండు), బ్లాక్ టీ, వెనిల్లా. కాగితం పట్టీ మీద కొట్టి చూస్తే మొదటిది వెంటనే ఆకట్టుకుంది. బెర్గమాట్ తాజాగా గుప్పుమంది, దాని వెనకే తియ్యటి టీ. రెండోది కాస్త పొడిగా, పొగ వాసనతో మొదలైంది. అయినా ఇలాంటి సెంటును మొదటి పది నిమిషాల్లో తేల్చకూడదని నా గట్టి నమ్మకం.

బెర్గమాట్ తేలికైంది, త్వరగా ఎగిరిపోతుంది. వెనిల్లాకు ఆ వాసననిచ్చే వెనిలిన్ అలా కాదు, గంటల తరబడి చర్మాన్ని అంటిపెట్టుకుంటుంది. ఇక టీ వాసన చాలా సెంట్లలో ఆకు నుంచి తీసింది కాదు. మల్లెను తలపించే హెడియోన్, వయొలెట్ పూలను తలపించే అయొనోన్ లాంటి రసాయనాలు కలిపి తెప్పిస్తారు. 1992లో బల్గరి కంపెనీ కోసం సెంట్ల తయారీ నిపుణుడు జాన్ క్లోడ్ ఎలెనా చేసిన గ్రీన్ టీ సెంటు తర్వాత ఈ తరహా బాగా పేరు తెచ్చుకుంది. కాబట్టి నేను చూడాల్సింది ఒక్కటే. బెర్గమాట్ పోయాక, వెనిల్లా ముందు టీ ఎంతసేపు నిలుస్తుంది?

రెండింటినీ ఒకేరోజు వేసుకోలేదు. ఒకరోజు ఒకటి, మరోరోజు ఇంకొకటి. వాసన లేని సబ్బుతో మణికట్టు కడుక్కుని, ఒక్కసారి కొట్టి, రుద్దకుండా ఆరనిచ్చాను. మాటిమాటికీ వాసన చూస్తే ముక్కు దానికి అలవాటు పడిపోతుంది. అందుకే మధ్యలో వేరే పనిలో పడి, కాసేపటికి మళ్ళీ చూసేదాన్ని. బట్టల మీద మాత్రం కొట్టలేదు. వెనిలిన్ ఎక్కువున్న సెంటు రానురాను గోధుమరంగుకు తిరుగుతుంది, తెల్లబట్టకు మరక పడొచ్చు.

మొదటిదాంట్లో గంట తిరక్కుండానే టీ మాయమైంది. మిగిలింది కాల్చిన పంచదారలాంటి తీపి. అది ఎథైల్ మాల్టాల్ అయ్యుంటుందని నా అనుమానం, మిఠాయి వాసన కోసం ఎక్కువగా వాడేది అదే. ఎండ ఎక్కేకొద్దీ ఆ తీపి ముక్కుకు బరువైపోయింది. రెండోదాంట్లో పొగ తగ్గాక ఎండుటాకు వాసన బయటపడింది. ఆ కాస్త వగరు వెనిల్లా పక్కనే ఉండి తీపిని అదుపులో పెట్టింది. సాయంత్రానికి టీ పలచబడినా, అడుగున చెక్క వాసన ఉండటంతో ఒట్టి తీపిగా మారలేదు. నాకు అది చాలా నచ్చింది. పక్కన కూర్చున్న అక్కకు ఏ సెంటో చెప్పకుండా అడిగితే, "టీ పెట్టావా?" అంది. మొదటిది వేసుకున్న రోజు అదే అక్క "కేక్ వాసన వస్తోంది" అంది.

రెండోదే తీసుకున్నాను, చిన్న సీసా. మొదటిది చెడ్డదేం కాదు. చలికాలంలో, తీపి వాసనే కావాలనుకునేవాళ్ళకు అదే బాగా నప్పుతుంది. టీ కోసం వెతికేవాళ్ళు మాత్రం కనీసం ఒక పూటైనా చర్మం మీద ఉంచి చూశాకే కొనండి.