ఒలింపియాలో ఒట్టు పెట్టిన చోట

ఏథెన్స్‌లో కిఫిసోస్ బస్ స్టేషన్ నుంచి పిర్గోస్‌కు దాదాపు నాలుగు గంటలు పడుతుంది. అక్కడ బస్సు మారితే ఇంకో ఇరవై కిలోమీటర్లలో, ప్రాచీన ఒలింపిక్ ఆటలు జరిగిన ఒలింపియా వస్తుంది. దగ్గర్లోని కటాకొలో రేవుకు ఓడలు వచ్చిన రోజుల్లో పొద్దెక్కేసరికి టూరిస్టు బస్సులు బారులు తీరతాయి. అందుకే ముందురోజు రాత్రికే ఊరు చేరి, మర్నాడు తలుపులు తీసే వేళకు గేటు దగ్గర ఉన్నాను. వేసవిలో వెళ్లేవాళ్లు నీళ్ల సీసా, టోపీ మర్చిపోవద్దు. శిథిలాల మధ్య పైన్ చెట్ల నీడ ఉంది కానీ స్టేడియంలో ఒక్క చెట్టు కూడా లేదు.

చాలామంది నేరుగా శిథిలాల్లోకి వెళ్తారు. నేను మ్యూజియంతో మొదలుపెట్టాను, మీరూ అలాగే చేయండి. గ్రీకుల పెద్ద దేవుడు జియస్ గుడి ఇప్పుడు ఒరిగిపోయిన రాతి దిమ్మెల గుట్ట. వరసగా 34 స్తంభాలుండేవి, ఒక్కోటి పది మీటర్లకు పైగా ఎత్తు. క్రీస్తుశకం ఆరో శతాబ్దపు భూకంపాలకు కూలాయి. 2004లో ఒక్కదాన్ని మాత్రం మళ్లీ నిలబెట్టారు. ఆ గుడి ఏం చెప్పదలచుకుందో తెలియాలంటే దాని నొసటి మీది, అంటే కప్పు కింది ముక్కోణాల్లోని శిల్పాలు చూడాలి. అవి మ్యూజియం నడిమి హాల్లో ఉన్నాయి.

తూర్పు వైపు ముక్కోణం దాదాపు 26 మీటర్ల పొడవు. మధ్యలో తల పోయిన జియస్, ఆయనకు ఇటూ అటూ ఓయినోమాస్ రాజు, పెలోప్స్. రాజు కూతురు హిప్పోడమియా. కథ మనకు కొత్తేమీ కాదు, వీర్యశుల్క లాంటిదే. రథప్పందెంలో నన్ను గెలిస్తే పిల్లనిస్తాను, ఓడితే తల తీస్తాను అంటాడు రాజు. ప్రాచీన గ్రీకు కవి పిండార్ లెక్క ప్రకారం పెలోప్స్ కన్నా ముందు వచ్చిన పదమూడు మంది ప్రాణాలు పోయాయి. పెలోప్స్ ఎలా గెలిచాడన్నది మాత్రం రెండు రకాలుగా చెబుతారు. సముద్రదేవుడు పోసైడన్ బంగారు రథం, రెక్కల గుర్రాలు ఇచ్చాడంటాడు పిండార్. రాజుగారి సారథి మిర్టిలస్‌కు మాట ఇచ్చి లోబరచుకుని చక్రాల సీలలు తీయించి, వాటి బదులు మైనంతో చేసినవి పెట్టించారన్నది రెండో కథ. పందెం నడుమ మైనం కరిగింది, చక్రం ఊడింది, రాజు చచ్చాడు. ఆ తర్వాత పెలోప్స్ ఇచ్చిన మాట తప్పి మిర్టిలస్‌ను సముద్రంలోకి తోసేశాడు. పడుతూ పడుతూ వాడు పెట్టిన శాపమే మనవడు, ట్రాయ్ యుద్ధపు రాజు అగమెమ్నన్ దాకా ఆ వంశాన్ని తిన్నది.

శిల్పి చూపించింది పందేన్ని కాదు, పందేనికి ముందు క్షణాన్ని. అందరూ కదలకుండా ఉన్నారు. రథాలు మిగల్లేదు, గుర్రాలు మిగిలాయి. ఆ గుర్రాల వెనక నేల మీద ఒక ముసలి జోస్యుడు కూర్చుని ఉన్నాడు. హాల్లో ఎక్కువసేపు నిలబడాల్సింది ఆయన ముందే. నెత్తి మీద జుట్టు పలచబడింది, ఛాతీ కింద కండ వదులై మడత పడింది, నుదురు ముడిపడింది, పిడికిలి చెంప దగ్గరికి లేచింది. జరగబోయేది ఆయన ఒక్కడికే కనిపిస్తోంది. దేవుడి ఎదుట నిలబడ్డ ఇద్దరిలో ఒకడు మోసపోబోతున్నాడనీ, ఒకడు చావబోతున్నాడనీ, ఆ ఇద్దరూ ఒక్కడేననీ.

పడమటి ముక్కోణంలో పెళ్లివిందుకు వచ్చిన కెంటార్లు, అంటే సగం మనిషి సగం గుర్రం అయినవాళ్లు, తాగి ఆడవాళ్ల మీద పడుతున్నారు. నడుమ అపోలో దేవుడు చెయ్యి చాచి నిలబడ్డాడు. ఇంటికి వచ్చిన అతిథిని కాపాడేవాడు గ్రీకులకు జియస్సే, అతిథిగా వచ్చి హద్దు మీరినవాణ్ణి శిక్షించేదీ ఆయనే. ఈ పక్క మాట తప్పడం, ఆ పక్క మర్యాద తప్పడం.

గుడి లోపల, ముందు వెనక మండపాల పైన గ్రీకు వీరుడు హెరక్లీస్ పన్నెండు కార్యాలు చెక్కిన పలకలుండేవి. కొన్ని 1829లో ఫ్రెంచివాళ్లు తవ్వి పట్టుకెళ్లారు, అవిప్పుడు పారిస్‌లోని లూవ్‌ర్‌లో ఉన్నాయి. వాటి జాగాలో ఇక్కడ అచ్చుపోసిన నకళ్లు పెట్టారు కాబట్టి ఏది అసలో ఏది నకలో పక్కనున్న చీటీ చదివి చూడండి. ఆకాశం మోసే పలకలో హెరక్లీస్ భుజాల మీద దిండు మడిచి పెట్టుకుని వంగి ఉంటే, వెనక దేవత ఎథీనా ఒంటి చేత్తో, శ్రమ అన్నది తెలియకుండా బరువు ఎత్తిపడుతుంది. ఆ వరసలోనే పశువుల కొట్టం శుభ్రం చేసే పలక ఉంది. ఆ కొట్టం ఇక్కడిదే, ఈ ఎలిస్ ప్రాంతపు రాజు ఆగియస్‌ది. అల్ఫియోస్ నదిని మళ్లించి పేడంతా కడిగిస్తే, ఒప్పుకున్న కూలి ఎగ్గొట్టాడు ఆ రాజు. అతణ్ణి చంపిన తర్వాతే హెరక్లీస్ ఈ ఆటలు మొదలుపెట్టాడంటాడు పిండార్. ఒలింపియా పుట్టుకకు చెప్పే రెండు కథల్లోనూ మాట తప్పినవాడే ఉన్నాడు. ఇది కాకతాళీయమని నేను అనుకోను.

ఈ కథలు ఇక్కడే ఎందుకు పాతుకున్నాయో తెలియాలంటే ఇక్కడి పందేల తీరు తెలియాలి. రెండో స్థానం, మూడో స్థానం లేవు. గెలిచినవాడికి అడవి ఆలివ్ కొమ్మ కిరీటం, మిగతావాళ్లకు ఏమీ లేదు. ఓడినవాళ్లు శత్రువుల కంట పడకుండా సందుల్లో నక్కుతూ ఇల్లు చేరతారని పిండారే ఇంకోచోట పాడాడు. గెలుపు అంత విలువైనప్పుడు మోసానికి చెయ్యి సాగుతుంది. దానికి వాళ్లు పెట్టుకున్న కట్టడి, ఒట్టు.

మ్యూజియం అయ్యాక శిథిలాల్లోకి వచ్చి, జియస్ గుడికి దక్షిణాన ఉన్న సభాభవనం వెతకండి. చివర గుండ్రంగా తిరిగిన రెండు పొడవాటి గదుల పునాదులు. రెండు చేతుల్లోనూ పిడుగులు పట్టుకున్న జియస్ విగ్రహం ఉండేది ఇక్కడే. తప్పు చేసేవాడికి దడ పుట్టించడంలో జియస్ విగ్రహాలన్నిటిలోకీ ఇదే మేటి అని క్రీస్తుశకం రెండో శతాబ్దపు యాత్రికుడు పౌసానియస్ రాశాడు. ఆటగాళ్లు, వాళ్ల తండ్రులు, అన్నదమ్ములు, శిక్షకులు అందరూ ఆటల్లో తప్పు చేయబోమని కోసిన అడవిపంది ముక్కల మీద ప్రమాణం చేసేవారు. పది నెలలు నియమం తప్పకుండా సాధన చేశామని ఆటగాళ్లు విడిగా ఇంకో ఒట్టు వేయాలి. కుర్రాళ్లనూ గుర్రప్పిల్లలనూ పరీక్షించి వర్గాలు తేల్చేవాళ్లు లంచం పట్టబోమని ప్రమాణం చేయాలి. ఆ పంది మాంసాన్ని తర్వాత ఏం చేస్తారో అడగడం మరిచిపోయానని పౌసానియస్ చెప్పుకున్నాడు. వందల ఏళ్ల తర్వాత కూడా ఆ ఒక్క వాక్యంతో మనిషి దగ్గరవాడైపోతాడు.

ఇక్కణ్ణుంచి స్టేడియం వైపు నడిచేటప్పుడే చాలామంది పొరపాటు చేస్తారు. ఎదురుగా రాతి కమాను కనిపించగానే పరుగు గీత మీద ఫొటో కోసం లోపలికి దూరిపోతారు. కమానుకు ముందే ఎడమ చేతి వైపు, క్రోనోస్ గుట్ట కింద వరసగా ఉన్న పదహారు రాతి పీఠాల దగ్గర ఆగండి. వాటిని జానెస్ అంటారు, అంటే జియస్సులు. పట్టుబడ్డ మోసగాళ్ల దగ్గర వసూలు చేసిన జరిమానాతో పోయించిన కంచు జియస్ విగ్రహాల పీఠాలివి. కంచు ఎప్పుడో పోయింది. పీఠం అంచు దగ్గర వంగి పైభాగం చూస్తే కొన్నిటి మీద విగ్రహం పాదాలు దిగేసిన గుంటలు ఇప్పటికీ తెలుస్తాయి.

మొదటి ఆరూ క్రీ.పూ. 388 నాటివి. థెస్సలీ నుంచి వచ్చిన యూపోలస్ అనే ముష్టియోధుడు ముగ్గురు ప్రత్యర్థులకు డబ్బిచ్చాడు. ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాళ్లకీ జరిమానా పడింది. ఒలింపియాలో గెలుపు డబ్బుతో కాదు, కాళ్ల వేగంతో, ఒంటి బలంతో అని మొదటి పీఠం మీద పద్యం చెక్కించారు. క్రీ.పూ. 332లో ఏథెన్స్ వాడు కాలిప్పస్ పట్టుబడితే ఏథెన్స్ నగరం తన మేటి వక్త హైపరైడీస్‌ను మాఫీ అడగడానికి పంపింది. ఆటలు నడిపే ఎలిస్ ఒప్పుకోలేదు. ఏథెన్స్ కట్టనంది. కట్టేదాకా మీకు జోస్యం చెప్పనని, గ్రీకులు జోస్యం అడిగే డెల్ఫీ గుడిలో అపోలో అన్నాకే డబ్బు వచ్చింది, ఇంకో ఆరు విగ్రహాలు లేచాయి. మోసం మీద కాదు, భయం మీద పడిన జరిమానా కూడా ఒకటి ఉంది. క్రీస్తుశకం 25లో అలెగ్జాండ్రియా నుంచి వచ్చిన సరాపియన్ పోటీకి ముందురోజు జడిసి పారిపోయాడు. పిరికితనానికి జరిమానా కట్టినవాడు అతనొక్కడే.

పందేనికి పోయే ప్రతి ఆటగాడూ ఈ పీఠాల పక్కనుంచే కమానులోకి వెళ్లాలి. లోపల 192 మీటర్ల పరుగు బాట, కాలివేళ్లు ఆనించే గాడి చెక్కిన రాతి గీత ఉన్నాయి. ఎంతసేపైనా పరిగెత్తండి, కానీ పీఠాలు చూశాకే.

తిరిగి వచ్చేటప్పుడు జియస్ గుడికీ ఆయన భార్య హేరా గుడికీ మధ్య చెట్ల నీడలో ఐదు పక్కల ప్రహరీ ఉన్న చిన్న ఆవరణ ఉంది. రాళ్లు మోకాలెత్తు కూడా లేవు కాబట్టి సులువుగా దాటిపోతారు. అది పెలోప్స్ స్థలం. మైనపు సీల కథ తెలిసి కూడా ఎలిస్ వాళ్లు వీరులందరిలోకీ ఆయన్నే ఎక్కువగా కొలిచారు. ఏటా ఒక నల్ల పొట్టేలును బలి ఇచ్చేవారు, కట్టెలు తెల్ల పాప్లర్ చెట్టువే కావాలి, మెడ భాగం కట్టెలు కొట్టేవాడికి దక్కేది. ఆ మాంసం తిన్నవాడు, ఊరివాడైనా పరదేశి అయినా, జియస్ గుడిలో అడుగు పెట్టకూడదు. పితృకార్యపు భోజనం చేసిన రోజు గుడికి వెళ్లని ఇళ్లు మన వైపూ ఉన్నాయి కాబట్టి ఈ పట్టింపు మనకు తేలిగ్గానే అర్థమవుతుంది. పెలోప్స్ ప్రహరీ నుంచి జియస్ గుడి మెట్లకు కొన్ని అడుగులే దూరం.