ఒంటిమిట్ట దారిలో అవ్వ పాట

శనివారం పొద్దున కడపలో రాజంపేట వైపు పోయే బస్సు ఎక్కి సీటు కోసం చూడటం వృథా. ఆడవాళ్లకు టికెట్ తీసేసిన దగ్గర్నుంచి ఒంటిమిట్టకు పోయే జనం బాగా పెరిగారని టిఫిన్ దగ్గర సర్వరు ముందే చెప్పాడు. రాముడి దగ్గరికి పోయే అమ్మలకు చార్జీ అడ్డం కాకపోవడం మంచిదే. కానీ ఆ పొద్దున నా మనసు బాగాలేదు. ముందురోజు రాత్రి ఫ్యాను మాత్రమే ఉన్న గదికి 1,200 తీసుకున్నారు, పొద్దున వేడినీళ్లు అడిగితే గీజరు పాడైందన్నారు. ఎర్రకారం పూసిన దోశ ఒక్కటే ఆ ఊరి మీద కోపం రాకుండా కాపాడింది. ఆ కారం మా తెనాలి వైపు ఎవరికీ కుదరదు, ఎన్ని మిరపకాయలు పండించుకుంటే ఏం లాభం.

బస్సులో వెనక వరసకు ముందు ముగ్గురు కూర్చునే సీటు చివర, సగం శరీరం బయటికి పెట్టి కూర్చునే చోటు దొరికింది. కిటికీ పక్కన ఒక అవ్వ, మధ్యలో నలభై ఏళ్ల ఆడమనిషి. ఆమె ఒళ్లో పూల సంచి, దాని మీద ఆధార్ కార్డు ప్లాస్టిక్ కవరు. మాకు నాలుగు సీట్ల ముందు ఒకాయన ఫోన్లో ప్రవచనం పెట్టుకున్నాడు. పెట్టుకున్నాడు అనడం కంటే బస్సుకంతటికీ పెట్టాడు అనాలి. మంచి మాటలే. భగవంతుణ్ణి ఎలా తలచుకోవాలో, తలచుకోకపోతే ఏమవుతుందో వివరంగా చెబుతున్నారు. వింటున్నవాళ్లు నాకు కనబడలేదు. ఎవరి సెల్లు వాళ్లు, ఎవరి కునుకు వాళ్లది.

భాకరాపేట దగ్గర ముందెక్కడో లారీ అడ్డం తిరిగి రోడ్డు ఆగిపోయింది. కాసేపు చూసి డ్రైవరు ఇంజను ఆపేశాడు. ఎండ కిటికీల్లోంచి లోపలికి వచ్చింది. ప్రవచనం పెట్టినాయన ఫోను తీసుకుని లారీ చూడటానికి దిగిపోయాడు. అప్పుడు వినబడింది నాకు, అవ్వ పాడుతోందని. ఇంజను మోతలో కలిసిపోయింది గానీ ఆమె కడపలోనే మొదలుపెట్టి ఉంటుంది. పెదవులు పెద్దగా కదలడం లేదు. అడవికి పోయే దారిలో సీతమ్మ కాళ్లు కాలుతుంటే రాముడు ఎండను బతిమాలుకునే పాట. ఏ పుస్తకంలోనూ నేను చూడలేదు. చేతిలో చెక్కలు వాయిస్తూ అడుగులేసే చెక్కభజన వరస అని మాత్రం తెలుస్తోంది, ప్రతి పాదం చివరా అడుగు వేయడానికి చోటు వదిలినట్టు ఆగుతోంది.

వెనక వరసలోంచి ఎవరో మగగొంతు పల్లవి అందుకుంది. అవ్వ తిరిగి చూడలేదు. ఆయన కోసం ఆగలేదు, గొంతు పెంచలేదు. రెండోసారికి నిలబడ్డ ఇంకో ఇద్దరు కలిశారు, ఒకతను పైకడ్డీ మీద వేళ్లతో తాళం వేశాడు. కండక్టరు ఇంజను పక్కన కూర్చుని టికెట్ల లెక్క చూసుకుంటున్నవాడు కాగితాలు మూసి పెట్టి ఊరికే కూర్చున్నాడు. ఎవరూ ఎవర్నీ పాడమనలేదు. మా వైపు ప్రతి భజన మందిరానికీ మైకుసెట్టు ఉంటుంది, ధనుర్మాసంలో మూడు వీధుల మైకులు ఒకదానితో ఒకటి పోట్లాడతాయి. అంత చప్పుడులో ఏ రోజూ నాకు కలగనిది, ఎండకు కాలుతున్న ఆ రేకు బస్సులో కలిగింది. కళ్లు మూసుకుని దండం పెట్టుకోవాలనిపించింది, పెట్టుకున్నాను.

మధ్యలో ఉన్నామె అవ్వ కోడలు. పాట ఆగాక నేనే కదిలించాను, మీ అత్తగారు బాగా పాడుతున్నారమ్మా అని.

"బాగా ఏముందిలే అన్నా, గొంతు పోయింది" అందామె. "మా మామ చెక్కభజన గురువు. ఆయన ఆడిస్తాంటే ఈమె ఇంట్లోనుంచి పాడేది. పొద్దున లేచి కల్లాపి చల్లేటప్పుడు మొదలుపెడితే రాత్రి పడుకునేదాకా అంతే. నేను కాపురానికొచ్చిన కొత్తలో తల పగిలిపోయేది. మా పుట్టింట్లో దేవుడంటే పండగ రోజే. ఈమెకేం పనిల్యాదా అనుకునేదాన్ని."

ఆ మాట అంటూ అత్త వైపు చూసింది. అవ్వ కిటికీలోంచి బయటికి చూస్తోంది, విన్నదో లేదో.

"మా ఆయన పోయినాడు అన్నా, ఉన్నట్టుండి గుండె నొప్పొచ్చి. ఈమెకు ఒక్కడే కొడుకు. అప్పుడన్నా ఆగుతుందేమో అనుకున్నా. ఆగల్యా. మూడోరోజు పొద్దున పొయ్యి దగ్గర కూర్చోని రాముణ్ణి పాడతాంది. నాకు ఒళ్లు మండిపోయింది. కొడుకును తీసకపోయినోణ్ణి పొగుడతాండావే, నీదేం గుండె అని అరిచినా. ఊరంతా విన్నారు. ఆమె నన్నొక్క మాటనల్యా. ఏడుస్తానే పాడింది. కండ్లల్లోంచి నీళ్లు కారతానే ఉండాయి, పాట కూడా ఆగల్యా."

కాసేపు ఏం మాట్లాడలేదు. నేనూ అడగలేదు.

"అప్పటిదాకా ఏమనుకున్నానంటే అన్నా, మంచి జరిగింది కాబట్టి పాడతాంది, పాడితే ఇంకా మంచి జరుగుతాదని పాడతాంది అనుకున్నా. దానికి కాదు ఈమె పాడేది. ఆయన ఉండాడని పాడేది. అంతే. ఇచ్చినా ఉండాడు, తీసకపోయినా ఉండాడు. అది చూసినాక నాకు ఇంగ ఎవురూ చెప్పాల్సిన పనిల్యాదు. నేను పాడలేను, నాకు గొంతు ల్యాదు. ప్రతి శనివారం ఈమెను తోడుకోనొచ్చా."

లారీ తీశారు. బస్సు కదిలింది. ప్రవచనం మళ్లీ మొదలైంది, ఈసారి కండక్టరు "కొంచెం తగ్గించుకో సామీ" అన్నాడు.

ఒంటిమిట్టలో దిగితే గుడి ఎంతో దూరం లేదు. కొబ్బరికాయ 40 అన్నారు, బయట కొట్టు దాటితే అదే 30. గుడి గురించి నేను పెద్దగా రాయను, అందరూ చూసిందే, చూడనివాళ్లు చూడవలసిందే. ఒకే శిలలో రాముడు, సీతమ్మ, లక్ష్మణుడు, పక్కన ఆంజనేయుడు లేకుండా ఉన్న మూర్తి. 17వ శతాబ్దంలో ఇటు వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియర్ ఈ గోపురాన్ని చూసి మెచ్చుకున్నాడంటారు. 2015 నుంచి తిరుమల తిరుపతి దేవస్థానం చూసుకుంటోంది, వరసలు పద్ధతిగా ఉన్నాయి. మండపంలో స్తంభాల మధ్య అవ్వ ఒక మూల కూర్చుంది, మళ్లీ అదే గొంతు. దర్శనమై బయటికి వస్తున్నవాళ్లు కొందరు ఆగుతున్నారు. ఎక్కువమంది ఆగడం లేదు. ఆమెకు రెండూ ఒకటే.

గుడి దగ్గరే ఇమాం బేగ్ బావి ఉంది. 1640 నాటిదని చెబుతారు. కథ ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. ఇమాం బేగ్ అప్పటి నవాబు కొలువులో అధికారి. గుడికి వచ్చిన భక్తులను మీ దేవుడు పిలిస్తే పలుకుతాడా అని అడిగాడు. నిజంగా పిలిస్తే పలుకుతాడన్నారు. ఆయన మూడుసార్లు పిలిచాడు. లోపలినుంచి 'ఓ' అని బదులొచ్చింది. ఆయన స్వామికి భక్తుడై, ఇక్కడికి వచ్చేవాళ్ల నీటి అవసరం చూసి బావి తవ్వించాడు. ఇప్పటికీ ముస్లింలు ఈ గుడికి వస్తారు.

ఈ కథ నేను చిన్నప్పటినుంచి విన్నాను. ఎప్పుడూ ఆ 'ఓ' దగ్గరే మనసు నిలిచేది. ఆ రోజు బావి గట్టు దగ్గర నిలబడితే ఇంకో సంగతి తట్టింది. ఆయనకు అసలు ఆ ప్రశ్న ఎందుకు పుట్టింది? దారిన పోయే అధికారి, వేరే మతంవాడు, గుడిలో రాయి ఉందో రత్నం ఉందో ఆయనకు పనిలేదు. రోజూ ఈ జనం రామా రామా అని పిలుస్తుంటే విన్నాడు కాబట్టే అడిగాడు. వీళ్లు ఎవర్ని పిలుస్తున్నారు, అటువైపు ఎవరైనా ఉన్నారా అని. ఆ పిలుస్తున్నవాళ్లలో ఒక్కరి పేరు కూడా మనకు మిగలలేదు. వాళ్లు ఆయన వినాలని పిలవలేదు. ఆయన్ను మార్చాలని అసలే కాదు. బస్సులో పల్లవి అందుకున్నాయన సంగతీ అంతేగదా అనిపించింది. దేవుడి గురించి మనకు చెప్పేవాళ్లు చాలామంది. దేవుడితో మాట్లాడుతూ ఉండగా మన చెవిన పడేవాళ్లు తక్కువ, మనల్ని కదిలించేది మాత్రం వాళ్లే. నాకు తెలిసినంతలో ఇది నిజం.

ఒంటిమిట్టకు రావాలని నాకు కోరిక పుట్టింది కూడా ఇలాగే. మా తెనాలి పక్కన అంగలకుదురులో వాసుదాస స్వామి ఆశ్రమం ఉంది. మా నాయనమ్మ నన్ను అక్కడికి చేయి పట్టుకుని తీసుకుపోయేది. వావిలికొలను సుబ్బారావు ఆయన పేరు, 1863లో పుట్టి 1936లో పోయారు. కడప జిల్లా మనిషి. రెవెన్యూలో ఉద్యోగం చేసి, తర్వాత మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పండితుడై, వాల్మీకి రామాయణాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చి ఆంధ్ర వాల్మీకి అనిపించుకున్నవారు. అంత గౌరవం ఉన్న మనిషి చేతిలో టెంకాయచిప్ప పట్టుకుని ఊరూరా బిచ్చమెత్తారు, పాడుబడిన ఈ ఒంటిమిట్ట గుడిని బాగుచేయడానికి. మా నాయనమ్మకు ఆయన పద్యాలు రావు, చదువే లేదు. టెంకాయచిప్ప కథ చెప్పేటప్పుడు మాత్రం కొంగుతో కళ్లు తుడుచుకునేది. "అంత పెద్ద పండితుడురా, రాముడి కోసం చిప్ప పట్టాడు" అనేది. ఆమె భక్తి అంతా ఆ చిప్పలోంచి వచ్చిందే. గుంటూరు జిల్లాలో ఒక పల్లెటూరి మనిషికి కడప జిల్లా రాముడు ఇంటి దేవుడయ్యాడంటే, దారి ఇదీ.

పోతన గురించి ఒక మాట. ఆయన మావాడని ఇక్కడివాళ్లు, కాదు ఓరుగల్లువాడని అక్కడివాళ్లు ఎన్నాళ్లుగానో వాదించుకుంటున్నారు. గుడిలో ఆయన విగ్రహం కూడా ఉంది. నేను ఆ తగాదాలోకి పోను. మనిషిని మావాడంటే మావాడని రెండు ప్రాంతాలు పట్టుకుని లాగుతున్నాయంటే, రాజులకు అంకితమివ్వకుండా రాముడికిచ్చిన ఆ భాగవతం ఎంతమంది ఇళ్లలోకి పోయిందో అర్థం చేసుకోవచ్చు.

మధ్యాహ్నం అక్కడినుంచి రాజంపేట, రాజంపేటలో ఆటో. తాళ్లపాకకు రానుపోను 300 చెప్పి ఒక్క రూపాయి తగ్గలేదు. రోడ్డు పక్కన 108 అడుగుల అన్నమయ్య విగ్రహం దగ్గర ఫోటోలు దిగే జనం ఉన్నారు, ఊళ్లో చెన్నకేశవస్వామి గుడి దగ్గర పూజారి, నేను, ఇద్దరు పిల్లలు. 1408 నుంచి 1503 దాకా బతికి 32 వేల సంకీర్తనలు చెప్పిన మనిషి ఊరు. సాళువ నరసింహరాయలు తన మీద కూడా అలా పాడమంటే, హరిని పొగిడిన నోటితో నరుణ్ణి పొగడనని సంకెళ్లు వేయించుకున్నాడని చెప్పుకుంటాం. ఆయన పాటలు రాగిరేకుల మీదికెక్కి తిరుమల గుడిలో ఒక అరలో వందల ఏళ్లు పడి ఉన్నాయి. వినేవాళ్లు లేరు, పాడేవాళ్లు లేరు. 20వ శతాబ్దంలో వెలుగు చూశాక వేటూరి ప్రభాకరశాస్త్రి, మన అనంతపురం జిల్లా రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటివాళ్లు కూర్చుని చదివి, పరిష్కరించి, రాళ్లపల్లివారు కొన్నింటికి స్వరాలు కట్టి, మళ్లీ మన నోటికి తెచ్చారు. ఇవాళ ఆయన పేరు తెలియని తల్లి కూడా బిడ్డను ఆయన పాటతోనే నిద్రపుచ్చుతోంది. అన్నేళ్లు అరలో ఉన్నప్పుడు ఆ పాటలు ఎవరికోసం ఉన్నట్టు? ఎవరికోసం చెప్పాడో ఆయనకోసమే ఉన్నాయి, గర్భగుడికి అడుగుల దూరంలో. మనం తర్వాత వచ్చి విన్నాం.

తిరుగు బస్సులో ఒంటిమిట్ట దగ్గర అవ్వా కోడలూ కనబడతారేమోనని చూశాను, కనబడలేదు. పొద్దున విడిపోయేటప్పుడే కోడలు ఫోను నంబరు ఇచ్చింది. చైత్రంలో కల్యాణానికి రమ్మంది. అన్నిచోట్లా నవమి రోజు పగలు చేసే పెళ్లి ఇక్కడ పౌర్ణమి దగ్గర రాత్రి వెన్నెల్లో జరుగుతుంది. "ఆ రోజు లాడ్జి అంటే రెండింతలడుగుతారు అన్నా, దండగ. మా ఇంట్లో మిద్దెపైన పడుకోండి, అక్కనూ తీసకరండి. మా ఊరోళ్లు ఇరవైమంది చెక్కలు పట్టుకోనొచ్చారు, వాళ్లతోపాటే కూర్చుందురు" అంది. సెలవు ఇప్పుడే పెట్టాలి. మా ఆవిడకు చెబితే, అవ్వకు ఏం చీర తీసుకుపోదాం అని అడిగింది. నేతచీరే, మంగళగిరిది.