వైజాగ్ ఉక్కపోతకు ముందు కేమన్‌కి బంపరు విప్పాల్సిందే: నా అనుభవం

కారు 2011 పోర్షే కేమన్ ఎస్. 3.4 లీటర్ల ఇంజిన్, మాన్యువల్ గేరు. ఏటా మార్చి మొదటి రెండు వారాల్లో, ఎండలు ముదరక ముందే దీని ముందు బంపరు విప్పి రేడియేటర్లు శుభ్రం చేస్తాను. ఈ ఏడు కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) మార్చే వంతు కూడా వచ్చింది కాబట్టి మొత్తం పని వరసగా రాస్తున్నాను. ఇంజిన్ మధ్యలోనో వెనకాలో ఉండి, రేడియేటర్లు ముందు ఉండే ఏ కారుకైనా ఇందులో చాలా భాగం వర్తిస్తుంది.

విజయవాడలో 45 డిగ్రీలు కాస్తున్న రోజున కూడా మనకు 36 దాటదు, ఇక కారుకేం భయం అని చాలామంది అనుకుంటారు. మన ఊళ్లో కారును ఇబ్బంది పెట్టేది ఉక్కపోత. గాల్లో తడి ఎక్కువగా ఉన్నప్పుడు ఏసీ రెండు పనులు చేయాలి. గాలిని చల్లబరచాలి, అందులోని తేమను నీళ్లుగా మార్చి కిందికి వదలాలి. ఈ రెండో పనికి పట్టే వేడి చిన్నదేం కాదు. ఆ వేడంతా ముందున్న కండెన్సరు బయటికి వదులుతుంది. ఆ కండెన్సరు ఉన్నది సరిగ్గా రేడియేటరు ముందు! అంటే రేడియేటరుకు అందే గాలి అప్పటికే కాగి ఉంటుంది. బండి 60 మీద పోతుంటే ఏమీ తెలియదు. ఎన్ఏడీ కూడలి దగ్గరో గాజువాక దగ్గరో మధ్యాహ్నం రెండింటికి వరసలో నిలబడితే తెలుస్తుంది. ఇక పడమటి గాలి తిరిగి, సముద్రపు గాలి ఆలస్యమైన రోజున 40 కూడా దాటుతుంది. అలాంటి రోజున రేడియేటరులో పావు వంతు మూసుకుపోయి ఉన్నా ఆ తేడా బయటపడుతుంది.

కేమన్‌లో రేడియేటర్లు రెండు. బంపరు చివర్లలో కనిపించే పెద్ద గాలి నోళ్ల వెనక, ఒక్కో మూల ఒక్కోటి. కొన్ని మోడళ్లకు మధ్యలో మూడోది కూడా ఉంటుంది. ప్రతి రేడియేటరు ముందు ఒక కండెన్సరు, వెనక ఒక ఫ్యాన్. నేలకు బాగా దగ్గరగా ఉంటాయి కాబట్టి రోడ్డు మీది చెత్తంతా నేరుగా అక్కడికే చేరుతుంది. టార్చి వేసి బయటి నుంచి చూస్తే కండెన్సరు ముఖం శుభ్రంగానే కనిపించవచ్చు. దాన్ని చూసి సరిపెట్టుకోకండి. చెత్త అంచుల సందుల్లోంచి దూరి కండెన్సరుకూ రేడియేటరుకూ మధ్య కూర్చుంటుంది. భీమిలి రోడ్డు మీద తిరిగే బండైతే అందులో ఎక్కువ భాగం సరుగుడు ఆకే. సన్నటి పుల్లల్లాంటి ఆ ఆకులు ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడి, వాటి మధ్య ఇసుక, దుమ్ము, పురుగుల రెక్కలు ఇరుక్కుని, ఉప్పు తడికి అతుక్కుని చాపలా తయారవుతాయి. ఈసారి ఎడమ వైపు నుంచి అరచేతి అంత ముక్క చిరగకుండా ఒకే పొరగా ఊడి వచ్చింది. దాన్ని వెలుగుకి ఎత్తి పట్టుకుంటే అవతలి వైపు కనిపించలేదు.

విప్పే ముందు కొలతలు తీసుకోవాలి. డాష్‌బోర్డు మీది ఉష్ణోగ్రత సూదిని నమ్మి లాభం లేదు. డ్రైవరు కంగారు పడకుండా ఉండేలా దాన్ని అమర్చారు. అసలు ఉష్ణోగ్రత పది పన్నెండు డిగ్రీలు అటూ ఇటూ అయినా అది ఉన్నచోటే ఉంటుంది. కదిలే సమయానికి మీకు మిగిలేది చాలా తక్కువ. స్టీరింగ్ కింద ఉండే, కారు కంప్యూటరు వివరాలు ఇచ్చే ఓబీడీ సాకెట్‌కి చిన్న రీడరు పెట్టి, ఫోన్‌లో కూలెంట్ ఉష్ణోగ్రత చూడండి. శుభ్రం చేయక ముందు నా కారు మద్దిలపాలెం దగ్గర ఏసీతో పావుగంట నిలబడితే 107 చూపించింది. అన్నీ బిగించాక అదే చోట, దాదాపు అదే ఎండలో 100 దగ్గర ఆగింది. 50:50 కూలెంట్ మామూలు గాలి ఒత్తిడిలో 107, 108 డిగ్రీల దగ్గర మరుగుతుంది. అంతకు మించి మరగకుండా ఆపుతున్నది ట్యాంకు మూత పట్టి ఉంచే ఒత్తిడే. అందుకే పాతబడిన మూతను పారేసి కొత్తది వేయడం ఈ మొత్తం పనిలో అతి చవకైన జాగ్రత్త.

ఫ్యాన్లు కూడా ముందే చూసుకోవాలి. ఇంజిన్ స్టార్ట్ చేసి, ఏసీ వేసి, బయటికి దిగి రెండు ముందు చక్రాల దగ్గర చెవి పెట్టండి. ఏసీ వేసిన కాసేపటికి రెండు ఫ్యాన్లూ తక్కువ స్పీడులో తిరగాలి. ఈ తరం కార్లలో తక్కువ స్పీడుకు కరెంటు ఒక రెసిస్టరు గుండా వస్తుంది. అది కాలి తెగిపోతే తక్కువ స్పీడు పోతుంది, ఎక్కువ స్పీడు మాత్రం పనిచేస్తూనే ఉంటుంది. దాంతో ఫ్యాన్ బాగానే ఉందని మెకానిక్ కూడా పొరబడతాడు. లక్షణం ఏమిటంటే, సిగ్నల్ దగ్గర ఏసీ చల్లదనం తగ్గుతుంది, బండి కదలగానే మళ్లీ వస్తుంది. చాలామంది దీన్ని గ్యాస్ తగ్గిందనుకుని గ్యాస్ పట్టించేస్తారు. ముందు ఫ్యాన్ చూడండి.

ఇక విప్పడం. ముందు చక్రాలు తీసేస్తే చేతులకు చోటు దొరుకుతుంది. పైన ముందు మూత ఎత్తితే కనిపించే స్క్రూలు, కింద వరసగా ఉన్నవి, ఒక్కో చక్రం గూడు అంచున ఉన్నవి తీయాలి. టార్క్స్ (నక్షత్రం ఆకారపు) బిట్లు మంచివి వాడండి. ఉప్పు గాలికి ఈ స్క్రూల తలలు పొడిబారి ఉంటాయి, అరిగిన బిట్ పెడితే తల గుల్లయిపోతుంది. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె చుక్క వేసి ఉంచితే పొద్దున తేలిగ్గా వస్తాయి. బంపరును ముందుకు లాగేటప్పుడు ఇద్దరు ఉండాలి. రెండు పక్కలా దీపాల వైర్ల కనెక్టర్లు, హెడ్‌లైట్ కడిగే సదుపాయం ఉంటే దాని పైపూ విడదీయకుండా లాగితే క్లిప్పులు విరుగుతాయి. తీసిన బంపరును దుప్పటి మీద పెట్టండి.

కండెన్సరును రేడియేటరుకు పట్టి ఉంచే బోల్టులు తీస్తే అది ముందుకు వాలుతుంది. గ్యాస్ పైపులు విప్పే అవసరం లేదు. అలాగని దాన్ని ఆ పైపుల మీదే వేలాడనివ్వకూడదు. అల్యూమినియం పైపు ఒకసారి మడత పడితే అక్కడే పగులుతుంది, గ్యాసంతా పోతుంది. కింద చిన్న స్టూలో అట్టపెట్టో ఆసరాగా పెట్టండి. పెద్ద చెత్త చేత్తో, మిగిలింది మెత్తటి బ్రష్షున్న వ్యాక్యూమ్ క్లీనర్‌తో తీయాలి. ఆ తర్వాతే నీళ్లు. మొక్కలకు పోసే పైపుతో, ఒత్తిడి లేకుండా, వీలైనంత వరకు వెనక వైపు నుంచి ముందుకు. కారు వాష్ గన్ దగ్గరికి కూడా రానివ్వకండి. రేడియేటరు ఫిన్స్ (సన్నటి రేకులు) కాగితమంత పల్చన, ఒక్క దెబ్బకు పడుకుండిపోతాయి. పడుకున్న ఫిన్ గాలిని చెత్త ఎంత ఆపుతుందో అంతే ఆపుతుంది. కడిగాక రేడియేటరు మూలలు వేలితో తడిమి చూడండి. తెల్లటి పొడి రాలుతుంటే అది ఉప్పు తినేసిన అల్యూమినియం. అక్కడ తడి మరక కూడా ఉంటే ఆ రేడియేటరు వచ్చే ఎండాకాలం దాకా ఆగదు, ఇప్పుడే మార్చేయడం మంచిది.

తిరిగి బిగించే ముందు గాలి నోళ్ల వెనక అల్యూమినియం జాలీ పెట్టాను. రంధ్రం 5, 6 మిల్లీమీటర్లు ఉంటే చాలు. దోమతెర లాంటి సన్న జాలీ వేస్తే చెత్త ఆగుతుంది, గాలీ ఆగుతుంది. జాలీ ఉన్నా సరుగుడు పుల్లలు కొన్ని దూరుతాయి. కాబట్టి విప్పే పని పూర్తిగా తప్పదు, రెండేళ్లకోసారికి తగ్గుతుందేమో చూడాలి.

అసలు తప్పులు జరిగేది కూలెంట్ దగ్గర. ఈ కారులో కూలెంట్ 20 లీటర్ల పైనే పడుతుంది. ఎందుకంటే ఇంజిన్ సీట్ల వెనక, రేడియేటర్లు ముందు మూలల్లో ఉంటాయి. వాటి మధ్య పొడవాటి పైపులు కారు కింద నుంచి పోతాయి. ఇంజిన్ కింది ప్లగ్ విప్పితే అంతా దిగిపోదు. ముందు రేడియేటర్ల కింది గొట్టాలు కూడా విడదీయాలి. నింపేటప్పుడు మామూలు కారుకు పోసినట్టు ట్యాంకులో పోసి ఇంజిన్ తిప్పితే పైపుల్లో గాలి బుడగలు మిగిలిపోతాయి. ఇదివరకు ఒక గ్యారేజీలో నా కారుకు సరిగ్గా ఇలాగే నింపారు. ట్యాంకు నిండుగా కనిపించింది. రెండు రోజుల తర్వాత హీటరు వేస్తే ఒకసారి వేడి, ఒకసారి చల్లటి గాలి వచ్చింది. ఉష్ణోగ్రత 95కీ 108కీ మధ్య ఎగిరెగిరి పడింది. గాలి బుడగ పంపు దగ్గరికి వచ్చినప్పుడల్లా ప్రవాహం ఆగుతుంది. సెన్సరు ఆవిరిలో ఉంటే అది చూపే అంకె కూడా తప్పే.

సరైన పద్ధతి వ్యాక్యూమ్‌తో నింపడం. గాలి కంప్రెసరుతో పనిచేసే పరికరం ట్యాంకు మూత స్థానంలో బిగుస్తుంది. వాల్వు తెరిస్తే లోపలి గాలంతా లాగేస్తుంది. ముల్లు 0.8 బార్ వ్యాక్యూమ్ దాకా వెళ్లాలి. గొట్టాలు చప్పిడిగా అణిగిపోతాయి, కంగారు పడక్కర్లేదు. అక్కడ వాల్వు మూసి పది నిమిషాలు ఆగండి. ముల్లు కదిలితే ఎక్కడో లీకు ఉన్నట్టే. కూలెంట్ చుక్క కూడా పోయకముందే లీకు తెలియడం ఈ పద్ధతిలో నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి. ముల్లు నిలబడితే పీల్చే గొట్టాన్ని ముందే కలిపి ఉంచిన డ్రమ్ములో వేసి వాల్వు తెరవాలి. గొట్టం కొస కూలెంట్‌లోంచి పైకి తేలకూడదు, తేలితే గాలి పీల్చుకుంటుంది, మళ్లీ మొదటికి. నేను 12 లీటర్ల కూలెంట్‌కి 12 లీటర్ల డిస్టిల్డ్ వాటర్ కలిపాను. మిగిలింది తర్వాత అవసరానికి సీసాలో పెట్టుకున్నాను. బోరు నీళ్లు వద్దు, వాటిలోని లవణాలు సన్నటి దారుల్లో పేరుకుంటాయి. రంగు చూసి కూలెంట్ కొనకండి. ఒకే గులాబీ రంగులో వేర్వేరు రకాలు వస్తాయి, పడని రకాలు కలిస్తే జిగటగా మారే ప్రమాదం ఉంది. పోర్షే చెప్పిన రకమే వేయండి.

ఇక్కడ మంచు పడదు కదా, నీళ్లే ఎక్కువ పోస్తే పోలా అని అడుగుతారు. నీళ్లు వేడిని బాగా మోస్తాయన్నది నిజమే. తుప్పు ఆపే రసాయనాలు మాత్రం కూలెంట్‌లోనే ఉన్నాయి, పల్చన చేస్తే అవీ పల్చబడతాయి. ఇంజిన్‌లో పాత నీళ్లు మిగిలి ఉంటే కూడా మిశ్రమం తేలిపోతుంది. అందుకే నింపాక ట్యాంకులోంచి ఒక చుక్క తీసి, పాళ్లు కొలిచే రిఫ్రాక్టోమీటరు మీద వేసి చూశాను. 50:50 ఉంటే గడ్డకట్టే ఉష్ణోగ్రత మైనస్ 36 దగ్గర చూపాలి. విశాఖలో ఆ చలితో మనకు పని లేదు, పాళ్లు సరిగ్గా ఉన్నాయని చెప్పడానికే ఆ అంకె.

టైర్ల గాలి గురించి ఒక లెక్క. కారు పుస్తకంలో ఇచ్చిన కోల్డ్ ప్రెషర్ (టైరు చల్లగా ఉన్నప్పటి ఒత్తిడి) 20 డిగ్రీల దగ్గర చూసేది. వేడెక్కితే అదే గాలి ఒత్తిడి పెరుగుతుంది. మే నెలలో మన ఇంటి గ్యారేజీ తెల్లవారుజామున కూడా 30 ఉంటుంది. ముందు 29, వెనక 36 పీఎస్ఐ ఉండాల్సిన టైర్లకు 30 డిగ్రీల దగ్గర ముందు 30.5, వెనక 37.5 పెడితేనే సరిపోతుంది. మధ్యాహ్నం తిరిగొచ్చాక ఎక్కువ చూపిస్తోందని గాలి తీసేయకండి. తక్కువ గాలి ఉన్న టైరు పక్కగోడ ఎక్కువగా మడతపడి ఇంకా వేడెక్కుతుంది.

బ్రేక్ ఫ్లూయిడ్ గాల్లోని తడిని పీలుస్తుంది. డాట్ 4 రకం కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తడి చేరినదానికి ఆ హద్దు 155కి పడిపోతుంది. ఘాట్ దిగేవాళ్లకు ఆ తేడా ప్రాణాలతో సమానం, రెండేళ్లు దాటనివ్వకండి. కారు కడిగిన రోజున హ్యాండ్ బ్రేకు వేసి వదిలేయకండి, తడికి అతుక్కుపోవచ్చు; గేరులో పెట్టి చక్రాలకు అడ్డు పెట్టండి. ప్లాస్టిక్ కవరు కప్పడం కంటే ఏమీ కప్పకపోవడమే నయం, లోపల తడి ఆవిరై పెయింట్ మీదే కూర్చుంటుంది. బ్యాటరీ కింద నీళ్లు పోయే కన్నాలు ఆకులతో మూసుకుపోతాయి, వానలకు ముందు అక్కడ వేలు పెట్టి చూడండి.

అన్నీ బిగించాక పొద్దున ఆరింటికి శృంగవరపుకోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కాను. ఎక్కేటప్పుడు ఏసీ వేసి కూలెంట్ 98 డిగ్రీలు, దిగాక 88. మర్నాడు ఇంజిన్ పూర్తిగా చల్లారాక వెనక డిక్కీలో ఉన్న ట్యాంకు చూస్తే లెవెల్ గీత కంటే వేలెడు తగ్గింది. సీసాలోంచి 300 మిల్లీలీటర్లు పోశాను. వారం తర్వాత మళ్లీ చూసినప్పుడు లెవెల్ గీత దగ్గరే ఉంది.