ఎంవీపీ కాలనీలో నెల రోజుల కాపురం

పెద్దమ్మ కోపం ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు. "గోపాలపట్నంలో ఇంత ఇల్లు పెట్టుకుని నేనుండగా నా మనవలు అద్దె కొంపలో దిగడమేమిటే?" అని 2024 మే నెలలో ఆవిడ ఫోనులో నిలదీసినప్పుడు, మనసు నొచ్చుకోకుండా చెప్పగలిగే సమాధానమేదీ నాకు తట్టలేదు. అసలు కారణం ఆవిడ ఆదరణేనని ఏ నోటితో చెప్పను?

అంతకుముందు మూడుసార్లు పిల్లల్ని తీసుకుని డల్లాస్ నుంచి విశాఖపట్నం వచ్చాను. ప్రతిసారీ పదిహేను రోజులు, నాలుగిళ్లు. ఏ ఇంట అడుగుపెట్టినా పెద్దవాళ్లు ఏసీ గది మాకు వదిలిపెట్టి తాము హాల్లో చాపలు పరుచుకునేవారు. పిల్లలు కూర్చున్నచోటికే పళ్లెం వచ్చేది, మంచినీళ్లు వచ్చేవి, ఇక వాళ్లతో మాట్లాడడానికి వచ్చిన అన్నయ్య పిల్లలు తమ ఇంగ్లీషును పరీక్షించుకుని వెళ్లిపోయేవారు. చుట్టపుచూపుగా వచ్చినవాడికి భాషతో పని పడదు, ఎందుకంటే వాడు అడగకముందే అన్నీ అమరుతాయి. పన్నెండేళ్ల మా అబ్బాయి ఆదివారం తెలుగు బడి పుణ్యమా అని వేమన పద్యాలు అప్పజెప్పగలడు గానీ, కొట్టుకు వెళ్లి పావుకిలో పచ్చిమిర్చి అడగలేడు. ఎనిమిదేళ్ల అమ్మాయికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది. అందుకే ఈసారి నెల రోజులూ ఒకేచోట, తాళంచెవి మా చేతిలో పెట్టుకుని, మా పొయ్యి మీద మేమే వండుకుంటూ ఉండాలని నిశ్చయించుకున్నాను.

ఏ ప్రాంతమన్నది మొదటి చిక్కు. రుషికొండ, ఎండాడ వైపు కొత్త భవనాలు, కొండ, సముద్రం అన్నీ ఉన్నాయి, కానీ పాల ప్యాకెట్టుకైనా బండి తీయవలసి వస్తే పిల్లలు ఒంటరిగా గడప దాటేదెప్పుడు? మధురవాడలో అద్దెలు నయమే గానీ మా చుట్టాలందరూ ఊరికి రెండో చివర ఉన్నారు. సిరిపురం, ద్వారకానగర్ ఊరి నడిబొడ్డు కనుక అన్నీ దగ్గరే, హారన్ల మోత కూడా దగ్గరే. ఇవన్నీ తూచి చూసుకుని కూడా, చివరికి నేను చేసిన పని బీచ్ రోడ్డులో 'సీ వ్యూ' అని రాసి ఉన్న ఫోటోకు మోసపోయి ఇరవై వేలు అడ్వాన్సు పంపడం. పుట్టి పెరిగిన ఊరు కదా అన్న ధీమాతో వాకబు చేయకుండా డబ్బు పంపించే ప్రవాసులు నాలాంటివారు ఇంకా ఉంటారనే ఇది రాస్తున్నాను.

జూన్ 18న దిగాము. సముద్రం కనిపించిన మాట నిజమే, రెండు భవనాల మధ్య జానెడు వెడల్పున, అదీ బట్టలు ఉతికే బాల్కనీ చివర నిలబడి మెడ చాస్తే. వంటగది అన్నదానిలో ఒక ఇండక్షన్ పొయ్యి, ఒక గిన్నె, నాలుగు గాజు గ్లాసులు ఉన్నాయి. చేపలు వండరాదన్న కాగితం ఫ్రిజ్ మీద అంటించి ఉంది. విశాఖలో, అందులోనూ జూన్ 14తో చేపల వేట నిషేధం ముగిసి రెండు నెలల తరువాత పడవలు మళ్లీ కదిలిన వారంలో ఆ కాగితం చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఉప్పుగాలికి తుప్పు పట్టిన తలుపు తాళం రెండో రోజునే బిగుసుకుపోయింది. పక్కలు సర్దడానికి ఒకరు, తుడవడానికి ఒకరు, కింద రిసెప్షన్‌లో సూటు వేసుకున్న కుర్రవాడు ఒకరు ఉన్నారు. అందరూ పిల్లలతో ఇంగ్లీషులోనే మాట్లాడారు. మూడుపూటలా భోజనం ఫోనులో ఆర్డరు పెట్టి తెప్పించుకుంటూ, చల్లటి గదిలో టాబ్లెట్లు చూస్తూ పిల్లలు డల్లాస్‌లోనే ఉన్నంత హాయిగా ఉన్నారు. నాకు కావలసింది అది కాదు. అయిదో రోజున ఖాళీ చేశాము. అడ్వాన్సులో సగం వెనక్కి రాబట్టుకోవడానికి మరో వారం ఫోన్లు చేయవలసి వచ్చింది.

ఈసారి మనిషిని పంపి చూపించి, తరువాత నేను స్వయంగా వెళ్లి చూసి, ఎంవీపీ కాలనీలో రైతుబజారుకు నడిచి వెళ్లేంత దూరంలో ఒక రెండు పడకగదుల ఫ్లాటు కుదుర్చుకున్నాను. అయిదంతస్తుల పాత భవనం అది. తక్కిన ఇళ్లలో సంసారాలున్నాయి, మూడో అంతస్తులో రెండు ఫ్లాట్లను మాత్రం యజమాని సర్వీస్ అపార్ట్‌మెంటుగా, అంటే సామాన్లతో సహా రోజుల లెక్కన అద్దెకిస్తూ, నడుపుతున్నాడు. రోజు లెక్కన 2,800 రూపాయలు చెప్పిన మేనేజరు నెల మొత్తానికి 52,000కు ఒప్పుకున్నాడు. కరెంటు విడిగా, సబ్ మీటరు లెక్కన. రోజువారీ అద్దెను ముప్పైతో హెచ్చవేసి అదే నెల అద్దె అనుకునేవారు మోసపోతారు, అడిగితే తగ్గుతుంది. బిల్లు ఇచ్చేచోట జీఎస్టీ కలుస్తుందో లేదో ముందే తేల్చుకోవాలి. రోజుకు 7,500 రూపాయల వరకూ ఉన్న గదులకు మేము వెళ్లినప్పుడు పన్ను 12 శాతం ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి అది 5 శాతానికి దిగింది.

ఫ్లాటు చూసేటప్పుడు నేను అడిగినవన్నీ మంచాల గురించి కావు. జనరేటరు లిఫ్టుకేనా, ఇంట్లో ఫ్యాన్లకూ ఇంటర్నెట్‌కూ కూడానా అన్నది నాకు జీవన్మరణ సమస్య, ఎందుకంటే వేసవిలో డల్లాస్‌లో ఉదయం ఎనిమిదయితే విశాఖలో సాయంత్రం ఆరున్నర, నా ఆఫీసు అప్పుడే మొదలవుతుంది. గ్యాస్ బండ అయిపోతే ఎవరు మారుస్తారు, కిటికీలకు దోమల మెష్ ఉందా, కుళాయి నీళ్లు మున్సిపాలిటీవా బోరువా, తాగే నీళ్ల క్యాన్లు ఎవరు వేస్తారు, చుట్టాలు రాత్రి ఉండిపోతే అభ్యంతరమా, బట్టలు ఆరేసుకోవడానికి దండెం ఉందా అని అడిగాను. ఇడ్లీ పాత్ర లేదన్నాడు. మర్నాడు కొని పంపించాడు. దిగినరోజునే మీటరు రీడింగునూ, గోడ మీద మరకలనూ, పగిలిన స్విచ్ బోర్డునూ, బీటవారిన వాష్‌బేసిన్‌నూ అబ్బాయి చేత ఫోటోలు తీయించాను. వాడికి పని దొరికిందని సంతోషించాడు.

ఆ రోజే జరిగిన ఇంకో చిన్న విషయం మాత్రం నన్ను చాలాకాలం వెంటాడింది. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవారిని దింపుకున్నవారు 24 గంటలలోపు ఆన్‌లైన్‌లో తెలియజేయాలి, అప్పట్లో దానిని ఫారం సి అనేవారు. నాది భారతీయ పాస్‌పోర్టు గనుక మేనేజరు ఆధార్ కాపీతో సరిపెట్టుకుని, పిల్లల అమెరికా పాస్‌పోర్టులనూ, భారత సంతతి విదేశీయులకిచ్చే ఓసీఐ కార్డులనూ ఒక్కొక్క పేజీ ఫోటో తీసుకున్నాడు. అమ్మాయి నా చీర కుచ్చిళ్లు పట్టుకుని, "అమ్మా, నేను ఇక్కడ ఫారినర్‌నా?" అని అడిగింది. అక్కడ స్నేహితురాళ్లు దాని డబ్బాలోని పులిహోర చూసి ఏ ఊరని అడుగుతారు, ఇక్కడ మేనేజరు కాగితాలు అడుగుతున్నాడు. "కాగితాల్లో అంతే" అన్నాను. దానికి అది సమాధానంగా తోచలేదు, నిజానికి నాకూ తోచలేదు.

మొదటి పదిరోజులూ నరకమే. జూన్ ఉక్కపోత, రెండుసార్లు కరెంటు పోవడం, దోమకాట్లు, వీధిలో అందరూ తనవంక చూస్తున్నారని అబ్బాయి ఫిర్యాదు. వెనక్కి వెళ్లిపోదామని వాడు తండ్రికి ఫోను చేసి ఏడ్చిన రాత్రి, పెద్దమ్మ మాటే విని ఉంటే బాగుండేదని నాకూ అనిపించింది.

మార్పు తెచ్చింది ఆ ఫ్లాటులో ఉన్న సౌకర్యాలు కావు, లేనివి. వారానికి రెండుసార్లు మాత్రమే తుడిచేవారు, కాబట్టి తక్కిన రోజులు చీపురు మా చేతికి వచ్చింది. చెత్త కిందికి దించాలి, వాటర్ క్యాన్ అయిపోతే సెల్లార్‌లో ఉన్న వాచ్‌మన్‌కు చెప్పాలి. వాచ్‌మన్ భార్యకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఆమె శ్రీకాకుళం జిల్లా మనిషి, "ఏటి పాపా, ఈ రోజు బేగి లెగిసిపోనావు?" అని పలకరిస్తే అమ్మాయి మొదట నా మొహం చూసేది. వారం తిరిగేసరికి, త్వరగా అనడానికి "బేగి" దాని మాట అయిపోయింది. ఆ మాట తెలుగు బడి పుస్తకంలో లేదు. జులైలో సెలవు దొరికి వచ్చిన మావారిది గుంటూరు జిల్లా, విమానాశ్రయంలో కూతురు "నాన్నా, బేగి రా" అని కేకవేస్తే ఎవరినో పిలుస్తోందనుకుని ఆయన పక్కకు చూశారట.

రైతుబజారు పని అబ్బాయికి అప్పగించాను. ఆ బజార్లు 1999లో మొదలైనప్పుడు అమ్మతో కలిసి సంచి మోసినదాన్ని నేను, ధరల బోర్డు చదవడం నాకు పనిగానే తోచదు. వాడికి మాత్రం అది పరీక్ష. దొండకాయలు, బెండకాయలు, ఆనపకాయ అంటూ కూడబలుక్కుని చదివి, బోర్డు మీది ధర నోట్లో పెట్టుకుని దుకాణం దాకా వెళ్లేవాడు. ఏడో తరగతి భిన్నాలు అవలీలగా చేసే పిల్లవాడికి 'ముప్పావు కిలో' అంటే ఎంతో తెలియలేదు, మూడు కిలోల వంకాయలు మోసుకొచ్చాడు. మూడు రోజులు వంకాయ కూరే. అంతకన్నా పెద్ద చిక్కు 'నువ్వు'. ఇంగ్లీషులో అందరికీ ఒకటే మాట కనుక, డెబ్బై ఏళ్ల కూరల తాతను "నువ్వు ఎంతకిస్తావు?" అనేవాడు, మేనేజరుకు ఫోను చేసి "నువ్వు ఎప్పుడు వస్తావు?" అనేవాడు. తాత నవ్వేవాడు, మేనేజరు నవ్వేవాడు కాదు.

ఎనిమిదో రోజున పెద్దమ్మ ఆటోలో ఆవకాయ జాడీతో దిగింది, కోపంగానే. "చూసి పోదామని వచ్చాను" అని మూడు రోజులు ఉండిపోయింది. రెండో పడకగది ఎందుకు తీసుకోవాలో నాకు అప్పుడు అర్థమయింది. ఇంతకాలం ఆవిడ గదిలో పడుకున్న పిల్లలు ఈసారి తమ గది ఆవిడకు ఇచ్చి హాల్లో చాప పరుచుకున్నారు. చెప్పకుండానే అమ్మాయి మంచినీళ్లు తెచ్చింది. "మామ్మా, కాఫీలో పంచదార ఎంత?" అని అబ్బాయి వంటింట్లోంచి అడిగితే, తలుపు దగ్గర నిలబడ్డ పెద్దమ్మ నావైపు చూసి ఏమీ అనలేదు. వెళ్లేటప్పుడు మాత్రం, గ్యాస్ పొయ్యి కుడివైపు బర్నరు సరిగ్గా మండడం లేదని, అద్దె తగ్గించమని అడగవలసిందని చెప్పి వెళ్లింది.

ఎదురింటి మామ్మగారు ఇంకో ఉపకారం చేశారు. మా కిటికీలకు అద్దాలకన్నా ఇనుప చట్రం ఎక్కువ ఎందుకుందని అబ్బాయి అడిగితే, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు సంగతి చెప్పారు. స్లైడింగ్ అద్దాలు పగిలి ఇంట్లోకి వాన కొట్టడం, తలుపుకు బీరువా అడ్డం పెట్టి అందరూ బాత్‌రూములో కూర్చోవడం, తరువాత రోజుల తరబడి కరెంటు లేక, పాల ప్యాకెట్టు కోసం తెల్లవారకముందే వరసలో నిలబడడం. గంటసేపు పిల్లలు కదలలేదు. అర్థం కాని మాట వచ్చిన ప్రతిసారీ ఆపి అడిగారు. నేను మధ్యలో ఇంగ్లీషులో చెప్పబోతే అబ్బాయి చెయ్యి అడ్డం పెట్టాడు.

జులై 20 సాయంత్రం సింహాచలం గిరిప్రదక్షిణ. ముప్పైరెండు కిలోమీటర్ల దారిలో కొండ కింద మొదటి మెట్టయిన తొలిపావంచా దగ్గర బయల్దేరిన జనం అడవివరం, హనుమంతవాక, అప్పూఘర్ మీదుగా మా కాలనీ వైపు వచ్చేసరికి రాత్రయింది. భవనంలోని వాళ్లంతా కలిసి రోడ్డు పక్కన బల్ల వేసి మజ్జిగ పోశారు. అల్లం, కరివేపాకు దంచిన పని మావారిది. చెప్పులు లేకుండా నడిచి వచ్చేవాళ్లకు గ్లాసు అందిస్తూ అమ్మాయి ఒక్కొక్కరినీ "తీసుకోండి తాతగారూ, తీసుకోండి అమ్మమ్మగారూ" అంటుంటే, పాతికేళ్ల అమ్మాయి ఒకతె "నేను అమ్మమ్మనా?" అని నవ్వింది. పక్కన నిలబడ్డ అబ్బాయి చెల్లెలిని చూసి 'అండి' చేర్చడం మొదలుపెట్టాడు. పన్నెండు గంటలు దాటినా పైకి రామన్నారు.

22న ఖాళీ చేశాము. కరెంటు 4,100 రూపాయలయింది, మీటరు ఫోటోతో పోల్చి చూసుకుని ఒప్పుకున్నాను. మేనేజరు ఇల్లంతా తిరిగి, బీటవారిన వాష్‌బేసిన్ దగ్గర ఆగి, దానికి అడ్వాన్సులో పదిహేను వందలు పట్టుకోవాలన్నాడు. సూట్‌కేసు జిప్పుతో కుస్తీ పడుతున్న నేను లేచేలోపే అబ్బాయి ఫోను తీసుకుని వెళ్లాడు. "అది మేము రాకముందే పగిలిందండి. తేదీ చూడండి, జూన్ 23. మీరు కూడా అప్పుడు ఇక్కడే ఉన్నారండి." మేనేజరు ఫోను తన చేతిలోకి తీసుకుని, వేళ్లతో పెద్దది చేసి చూశాడు. తరువాత డబ్బు లెక్కపెట్టి నాకు కాక వాడికే ఇచ్చాడు.