కింది ఇంటి మామ్మగారి నిద్ర, మా హాల్లో సబ్‌వూఫర్

భీమవరంలో మాది అపార్ట్‌మెంటు, మూడో అంతస్తు. పాప తొమ్మిదింటికి పడుకుంటుంది. మా ఇద్దరికీ సినిమా చూసే తీరిక దొరికేది ఆ తరువాతే. టీవీకి రెండు పక్కలా రెండు స్పీకర్లు, మాటల కోసం మధ్యలో ఇంకొకటి, వాటిని నడిపే రిసీవర్ నాలుగేళ్ళుగా ఉన్నాయి. పగలు ఏ లోటూ తెలియదు. రాత్రి శబ్దం తగ్గించగానే సినిమా పలచబడిపోయేది. మాటలు వినిపించేవి కానీ వాన కురిస్తే జల్లెడ పట్టినట్టు, వరద ముంచెత్తితే బిందెలోకి కుళాయి నీళ్ళు పడినట్టు ఉండేది. వరద రోజుల్లో గోదావరి గట్టు మీద నిలబడినవాళ్ళకు ఆ చప్పుడు ఎలాంటిదో తెలుసు. అది చెవులకంటే ముందు అరికాళ్ళకు తెలుస్తుంది.

ఈ లోటు తీర్చేది సబ్‌వూఫరే, అంటే మంద్రాన్ని, ఆ లోతైన బరువైన శబ్దాలను, పలికించడానికే ఉండే స్పీకరు పెట్టె. ఎలాంటిది కొనాలి, ఎక్కడ పెట్టాలి అన్నది తేలడానికి మాత్రం నాకు నాలుగు నెలలు పట్టింది.

మెల్లగా వినేవాళ్ళకు చిన్నది చాలు కదా అనుకుని మొదట ఊళ్ళోనే ఎనిమిది అంగుళాల పోర్టెడ్ సబ్‌వూఫర్ ఒకటి కొన్నాను. పోర్టెడ్ అంటే పెట్టెకు గాలి పోయే గొట్టం ఉన్న రకం. ఆ గొట్టం సాయంతో చిన్న స్పీకరు కూడా మంద్రంలో ఒక లోతు వరకు గట్టిగా మోగుతుంది. ఆ లోతు దాటి కిందికి వెళ్తే మాత్రం శబ్దం ఒక్కసారిగా పడిపోతుంది. శబ్దం ఎంత మంద్రమో చెప్పేది హెర్ట్జ్ అంకె, అది తగ్గేకొద్దీ మంద్రం పెరుగుతుంది. నేను కొన్నదానికి అరవై హెర్ట్జ్‌ల దగ్గర ఉబ్బు ఉంది, అంటే అక్కడ మోత మరీ ఎక్కువ, దాని కింద దాదాపు ఏమీ లేదు. తలుపు వేసినా, ఉరుము ఉరిమినా, గుర్రం పరుగెత్తినా ఒకే ‘ధమ్’.

మూడో రోజు కింది ఫ్లాటు వదినగారు లిఫ్టులో మా ఆవిడకు ఎదురై మొహమాటపడుతూనే విషయం చెప్పారు. వాళ్ళ అత్తగారికి డెబ్భై ఎనిమిదేళ్ళు. ఆవిడ మంచం సరిగ్గా మా టీవీ బల్ల కింద వస్తుంది. మరునాడు నేనే వెళ్ళి మామ్మగారిని అడిగాను. “చప్పుడు పెద్దదేమీ కాదు బాబూ, ఎవరో గుండెల మీద మెల్లగా చేత్తో తడుతున్నట్టు ఉంటుంది. నిద్ర పట్టదు” అన్నారు.

ఆ రాత్రి ఫోనులో శబ్దం కొలిచే యాప్ పెట్టుకుని వాళ్ళ గదిలో కూర్చున్నాను. 38 డెసిబెల్స్ చూపించింది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు పరిమితి 45 డెసిబెల్స్. అంటే అంకెల లెక్కన నా తప్పు లేదు. మామ్మగారు చెప్పినది మాత్రం అక్షరాలా నిజం, నాకూ ఆ తట్టు తెలుస్తూనే ఉంది. తరువాత అర్థమైంది. ఆ కొలత ‘ఏ వెయిటింగ్’ అనే పద్ధతిలోది. అది మంద్ర శబ్దాలను బాగా తగ్గించి లెక్కిస్తుంది. 50 హెర్ట్జ్‌ల దగ్గర ఏకంగా 30 డెసిబెల్స్ తీసేస్తుంది. పక్కింటివాళ్ళను బాధపెట్టేదే ఆ కొలతలో దాదాపు కనిపించదు. అప్పటి నుంచి యాప్‌ను, మంద్రాన్ని అంతగా తగ్గించని ‘సీ వెయిటింగ్’కు మార్చి వాడుతున్నాను. ఇలా కొలవాలనుకునేవాళ్ళు ముందు ఈ సెట్టింగు చూసుకోవాలి.

మంద్రం గోడలు దాటిపోవడం మనకు కొత్త సంగతి కాదు. సంక్రాంతికి మావుళ్ళమ్మ ఉత్సవాలు మొదలయ్యాక ఊరేగింపు రెండు వీధుల అవతల ఉండగానే డోలు వినబడుతుంది, సన్నాయి వీధి మలుపు తిరిగాక గానీ వినబడదు. 40 హెర్ట్జ్‌ల శబ్దానికి ఒక్కో అల పొడవు ఎనిమిదిన్నర మీటర్లు ఉంటుంది. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ మాటలను ఆపినంత బాగా దాన్ని ఆపలేదు.

అలాగని మంద్రాన్ని వదులుకోవడానికీ లేదు. శబ్దం తగ్గేకొద్దీ మన చెవి ముందుగా మంద్రాన్నే పోగొట్టుకుంటుంది. అమెరికాలో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. ఆ తరువాత వచ్చిన అంతర్జాతీయ ప్రమాణంలోని అంకెలు చూశాక నాకు విషయం తేటపడింది. 1000 హెర్ట్జ్‌ల స్వరం 80 డెసిబెల్స్ ఉన్నప్పుడు, 50 హెర్ట్జ్‌ల స్వరం దానితో సమానంగా వినిపించాలంటే సుమారు 102 ఉండాలి. మొదటిదాన్ని 40కి దించితే రెండోదాన్ని 78 దగ్గరే ఆపాలి. కానీ వాల్యూమ్ నాబ్ అన్నిటినీ ఒకేలా 40 దించుతుంది కాబట్టి అది 62కి పడిపోతుంది. ఆ పదహారు డెసిబెల్స్ లోటే నాకు పలుచగా వినిపించిన సినిమా.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఏ పదహారు డెసిబెల్స్‌ను నేను తిరిగి కలపాలో, సరిగ్గా అవే శ్లాబు దాటి మామ్మగారి మంచం దగ్గరకు వెళ్తాయి.

మొదటి సబ్‌వూఫర్‌ను తణుకు దగ్గర ఉండే మా బావమరిదికి ఇచ్చేశాను. వాళ్ళది సొంత ఇల్లు, చుట్టూ కొబ్బరితోట. ఒక ఆదివారం రైలెక్కి విజయవాడ వెళ్ళాను. నేను రాత్రి వినే స్థాయిని, అంటే సోఫా దగ్గర మాటలు 55 డెసిబెల్స్ ప్రాంతంలో ఉండేలా, రాసుకుని వెళ్ళి, దుకాణంలో అంతే పెట్టి వినిపించమన్నాను. “ఇంత మెల్లగా ఎవరూ వినరండి, దీని బలం మీకు తెలియదు” అన్నాడు అక్కడి అబ్బాయి. అయినా ఓపికగా మూడు రకాలు వినిపించాడు.

పన్నెండు అంగుళాల పోర్టెడ్ రకం 17 హెర్ట్జ్‌ల దాకా వెళ్తుందని గొప్పగా చెప్పారు. నా అవసరానికి ఆ లోతు వృథా. 20 హెర్ట్జ్‌ల శబ్దం చెవికి అసలు వినిపించడానికే 78 డెసిబెల్స్ కావాలి, నేను వినే స్థాయిలో అది వినిపించదు. 30 హెర్ట్జ్‌ల శబ్దం వినిపించడానికి సుమారు 60 చాలు. అందుకని 30 దాకా నిజాయితీగా, ఉబ్బు లేకుండా వెళ్తే చాలనుకున్నాను. పది అంగుళాల సీల్డ్ రకం, అంటే పెట్టె పూర్తిగా మూసి ఉండేది, అక్కడ నా మనసుకు నచ్చింది. ఎక్కువ గట్టిగా మోగదు, నాకు ఆ అవసరమూ లేదు. మంద్రం కిందికి వెళ్ళేకొద్దీ మెల్లగా తగ్గుతుంది. ఇంట్లో గోడలు ఆ లోతుల్ని కొంత తామే పెంచుతాయి కాబట్టి రెండూ కలిసి సమంగా వస్తాయి. వాన వానలా, ఉరుము ఉరుములా వేరువేరుగా వినిపించాయి. స్పీకరు అంచు రబ్బరుదో ఫోముదో కూడా అడిగి తెలుసుకున్నాను. మా డెల్టా తేమకు నాన్నగారి పాత స్టీరియో ఫోము అంచు పొడిపొడిగా రాలిపోవడం నా కళ్ళతో చూశాను. ఇది రబ్బరుది. నలభై ఐదు వేలయింది.

కొన్నది మంచిదే అయినా పని సగమే అయింది. మిగిలిన సగం దాన్ని పెట్టే చోటు.

సబ్‌వూఫర్‌ను సోఫాలో పెట్టి మోగిస్తూ, మనం నేల మీద పాకుతూ ఎక్కడ బాగా వినిపిస్తే అక్కడ పెట్టాలన్నది అందరూ చెప్పే పద్ధతి. అలాగే చేశాను. టీవీ పక్క మూల బ్రహ్మాండంగా వినిపించింది. కానీ మూల గది మొత్తాన్ని నింపుతుంది, కింది గదినీ నింపుతుంది. పైగా అది మామ్మగారి మంచానికి నేరుగా పైన. అందుకే దాన్ని వదిలేసి, సబ్‌వూఫర్‌ను సోఫా చివర, నాకు చేయి చాపితే అందేంత దూరంలో పెట్టాను. ఎనిమిది మీటర్ల కేబులు గోడవారగా లాగాల్సి వచ్చింది. దగ్గరగా ఉన్నది మెల్లగా మోగినా నిండుగా వినిపిస్తుంది. నా చెవి దగ్గర మంద్రం మునుపటిలాగే ఉండేట్టు, సబ్‌వూఫర్ వెనక మోతను పెంచి తగ్గించే గెయిన్ నాబ్‌ను తగ్గించి కింద మళ్ళీ కొలిస్తే, మామ్మగారి గదిలో ఎనిమిది డెసిబెల్స్ తగ్గింది. ఖర్చు కేబులుది మాత్రమే. నన్ను అడిగితే ఏ సబ్‌వూఫర్ అన్నదానికంటే ఈ ఒక్క మార్పే పెద్దది.

దగ్గరగా పెట్టినందుకు ఇంకో పని పెరిగింది. ముందున్న స్పీకర్ల నుంచి మంద్రాన్ని వేరు చేసే హద్దు 80 హెర్ట్జ్‌ల దగ్గర ఉంటే మగవాళ్ళ గొంతులు సోఫా పక్కకు జరిగినట్టు అనిపించాయి. హద్దును 60కి దించాను. రిసీవర్‌లో సబ్‌వూఫర్ దూరాన్ని కూడా కొత్తగా కొలిపించాను.

సబ్‌వూఫర్ అడుగున రెండు అంగుళాల రబ్బరు దిమ్మ వేశాను. అది పెట్టె అదురును నేలకు పాకనివ్వదు, గాలిలో వెళ్ళే మంద్రాన్ని ఆపదు. అయినా కింది ఇంట్లో ఫ్యాను గిన్నె గిలగిలలాడడం మానిందని వదినగారు చెప్పారు.

తరువాత ఒక వారం సతాయించింది ఆటో స్విచ్. సంకేతం వస్తే వెలగాలి, లేకపోతే ఆరాలి. నేను వినే స్థాయిలో సంకేతం ఎంత బలహీనమంటే సినిమా మధ్యలోనే సబ్‌వూఫర్ నిద్రపోయేది. రిసీవర్ వైపు సబ్‌వూఫర్ స్థాయి పెంచి, సబ్‌వూఫర్ వెనక గెయిన్ అంతే తగ్గించాను. చెవికి తేడా లేదు, స్విచ్‌కు మాత్రం సంకేతం అందింది.

మా రిసీవర్‌లో ఆడిసీ డైనమిక్ ఈక్యూ ఉంది. యమహా వాటిలో ఇలాంటిదే వైపీఏఓ వాల్యూమ్ పేరుతో ఉంటుంది. వాల్యూమ్ ఎంత తగ్గిస్తే అంత మంద్రాన్ని తిరిగి కలిపే ఏర్పాటు ఇది, పైన చెప్పిన పదహారు డెసిబెల్స్ లోటును పూడ్చేది ఇదే. మొదట మరీ ఎక్కువ కలిపింది. కలిపే మోతాదును తగ్గించే రిఫరెన్స్ లెవెల్ ఆఫ్‌సెట్ అనే సెట్టింగును సినిమాలకు 5కు, వార్తలకు 15కు మార్చాక కుదురుకుంది. దానితోపాటు రాత్రిపూట హెచ్చుతగ్గులను కుదించే సెట్టింగు కూడా వేస్తాను, గుసగుసల కోసం వాల్యూమ్ పెంచి పేలుళ్ళకు పరుగున తగ్గించే పని తప్పింది.

అన్నీ అయ్యాక ఒక రాత్రి పావుతక్కువ పదికి మామ్మగారి మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పైన మా ఆవిడ వరద దృశ్యం పెట్టింది. ఫ్యాను తిరుగుతున్న చప్పుడే వినిపిస్తోంది. ఒక్కచోట, గట్టు తెగే దగ్గర, నాకు కొంచెం తెలిసింది.

“ఇప్పుడు ఏమైనా తెలిసిందా మామ్మగారూ?”

“రోడ్డు మీద లారీ ఏదో వెళ్ళినట్టుంది, అంతే బాబూ.”

అది లారీ కాదని చెప్పాను. పైకి వచ్చి ఇంకో రెండు డెసిబెల్స్ తగ్గించి, మళ్ళీ కిందికి వెళ్ళి కూర్చున్నాను. ఈసారి ఆ చోటు ఎప్పుడు వచ్చి వెళ్ళిందో నాకే తెలియలేదు. మామ్మగారు శనివారాలు పాలకొల్లులో కూతురి దగ్గర ఉంటారట. “ఆ రోజు కాస్త గట్టిగానే పెట్టుకోండి” అన్నారు. గట్లు తెగే సినిమాలు, ఉరుములు ఉరిమే సినిమాలు ఇప్పుడు శనివారానికి దాచుకుంటున్నాం.