పానగల్ నీడ, రెండు పాత కెమెరాలు

నల్లగొండ బస్టాండ్‌లో దిగేసరికి అక్క వాళ్లాయన బైక్ మీద రెడీగా ఉన్నాడు. నా మెడలో ఒకటి, సంచిలో ఒకటి కెమెరాలు చూసి, "ఫోన్ల తీస్తే అయిపాయె గద బామ్మర్దీ, గీ డబ్బాలెందుకు?" అన్నాడు.

మెడలోది యాషికా ఎలక్ట్రో 35 జీఎస్ఎన్. సంచిలోది కానన్ క్యానొనెట్ క్యూఎల్17. రెండూ 1970ల నాటి ఫిల్మ్ రేంజ్‌ఫైండర్లు. చూసే కిటికీ మధ్యలో ఒక చిన్న మచ్చ, అందులో వస్తువు రెండుగా కనిపిస్తుంది. రింగు తిప్పి ఆ రెండూ ఒకటి చేస్తే ఫోకస్ కుదిరినట్టు. ఒకటి అమ్మేయాలని ఇంట్లో తీర్మానం. పోయేది యాషికానే అనుకుంటూనే బయల్దేరాను. బరువు ఎక్కువ, బ్యాటరీ లేకపోతే షట్టర్ స్పీడు, అంటే ఫిల్మ్ మీద వెలుగు పడనిచ్చే సమయం, అన్నిటికీ ఒకటే 1/500 సెకను. క్యానొనెట్ అలా కాదు, బ్యాటరీ చచ్చినా అన్ని స్పీడ్లూ పనిచేస్తాయి. వెలుగు అంచనా మనమే వేసుకోవాలి, అంతే.

ముందు పానగల్‌లో పచ్చల సోమేశ్వరాలయం. ఎండ బాగుంది. స్తంభాల మీది శిల్పాలను యాషికాతో వరసగా ఐదు కొట్టాను. ఆరోదానికి బావ అడిగాడు: "మూత తియ్యవా?"

రేంజ్‌ఫైండర్‌తో ఇదే గొడవ. మనం చూసేది లెన్సులోంచి కాదు, పక్క కిటికీలోంచి. మూత ఉన్నా గుడంతా కళకళలాడుతూ కనిపిస్తుంది. వెలుగు కొలిచే యాషికా మీటరు కన్ను బాడీ మీద ఉంటుంది కనుక దానికీ తెలియదు. క్యానొనెట్ కన్ను లెన్సు రింగులోనే ఉంటుంది. మూత ఉంటే చీకటి అనుకుని, ఆటో మోడ్‌లో (వెలుగు లెక్క కెమెరాకే వదిలేసినప్పుడు) బటనే దిగనివ్వదు. యాషికాకి ఇంకో మైనస్ వేసుకున్నాను.

తర్వాత ఛాయా సోమేశ్వరాలయం. కుందూరు చోళుల నాటి త్రికూటాలయం, అంటే మూడు గర్భగుళ్ల గుడి. లింగం వెనక గోడ మీద స్తంభం నీడ పొద్దంతా కదలకుండా నిలబడుతుంది. నేరుగా పడే ఎండ వల్ల వచ్చే నీడ కాదది. మండపం స్తంభాల సందుల్లోంచి రెండు పక్కలా లోపలికొచ్చే వెలుగు అందని చోటు అది. పూజారి గారు "ఫ్లాష్ మాత్రం కొట్టకండి" అన్నారు. నా దగ్గర ఫ్లాషే లేదు.

క్యానొనెట్ ఎత్తాను. వెలుగు చాలక ఆటో మోడ్‌లో బటన్ దిగలేదు. మనమే అన్నీ పెట్టుకునే మాన్యువల్‌లో మీటరు పలకదు, 1/4 సెకను దాటితే షట్టర్ తెరిచి ఉంచే సమయం కూడా మన లెక్కే. పైగా నాదాంట్లో మచ్చ వెలిసిపోయింది. కిటికీ మీద మధ్యలో చిటికెడు నల్ల టేపు అతికిస్తే అది కాస్త తేరుకుంటుంది. ఆ టేపు ఎక్కడో రాలిపోయినట్టుంది.

యాషికా తీశాను. ఈసారి మూత కూడా తీశాను. బావ కండువా మడతపెట్టి మండపం నేల మీద పరిచి, దాని మీద కెమెరా ఆనించాను. గర్భగుడిలో దీపం. మచ్చలో రెండు మంటలు దగ్గరికి జరిగి జరిగి ఒక్క మంట అయ్యాయి. బటన్ సగం నొక్కితే పసుపు లైటు వెలిగింది, చేత్తో పట్టుకుంటే కదులుతుంది జాగ్రత్త అని. చీకట్లో ఇది 30 సెకన్ల దాకా తనంతట తనే లెక్కపెట్టుకుంటుంది. టిక్. ఊపిరి బిగబట్టి, వేలు తియ్యకుండా కూర్చున్నాను. మళ్లీ టిక్.

సాయంత్రం ఉదయసముద్రం కట్ట మీద బావని క్యానొనెట్‌తో తీశాను.

రీళ్లు కడిగించాక యాషికా రోల్‌లో మొదటి ఐదూ ఖాళీ. ఆ తర్వాత నీడ, అంచులు కొంచెం మెత్తగా, పక్కన దీపం. నిజం చెప్పాలంటే అన్నిట్లోకీ బాగా వచ్చింది చెరువు కట్ట మీద నవ్వుతున్న బావే. అయినా నేను ఉంచుకుంటున్నది యాషికానే. ఆ మాట ఫోన్‌లో చెబితే బావ కాసేపు ఆగి అడిగాడు:

"మరి గా ఇంకోటి నాకియ్యరాదు? మూత మరిస్తె అదే చెప్తది గద."