పద్మిని స్టీరింగ్ హబ్‌తో నా మూడు రోజుల కుస్తీ

చేతులకి ఇంకా గ్రీజు వదల్లేదు. ఎడమ బొటనవేలి గోరు నల్లబడింది. అయినా ఇప్పుడే రాసేస్తున్నాను, నాలుగు రోజులాగితే నేను చేసిన వెధవ పనిని నేనే దాచేస్తాను.

కారు మా మావయ్యది. 1983 ప్రీమియర్ పద్మిని. స్టీరింగ్ పక్కనే గేరు ఉండే బండి. తొంభైల్లో మావయ్య ముచ్చటపడి కంపెనీ స్టీరింగ్ తీయించేసి, చిన్న స్పోర్ట్స్ స్టీరింగ్ వేయించాడు. అది నేరుగా స్టీరింగ్ రాడ్డుకి ఎక్కదు, రెండింటినీ కలపడానికి మధ్యలో అల్యూమినియం హబ్ ఒకటి కావాలి. తర్వాత బండి కాకినాడలో మా షెడ్డులో పన్నెండేళ్లు కదలకుండా పడి ఉంది. మొన్న అటక దులుపుతుంటే పాత స్టీరింగ్ దొరికింది. దాన్నే మళ్లీ బిగిద్దామనుకున్నాను.

ముందు బ్యాటరీ వైరు తీశాను, లేకపోతే హారన్ మొదలై వీధంతా బయటికొస్తుంది. హారన్ బటన్, ఆరు స్క్రూలు, చక్రం, మధ్యలో పెద్ద నట్టు అన్నీ పావుగంటలో వచ్చేశాయి. కార్బ్యురేటర్ విప్పి కడిగి బిగించినవాణ్ణి, ఇదెంత అనుకున్నాను.

హబ్ మాత్రం కదల్లేదు. తుప్పు వదిలించే డబ్ల్యూడీ-40 స్ప్రే సగం డబ్బా కొట్టాను. రాత్రంతా నాననిచ్చాను. పొద్దున్నే డాష్‌బోర్డుకి మోకాళ్లు తన్నిపెట్టి లాగాను. ఊహూ. అప్పుడు సుత్తి తీశాను. ఎడమ చేత్తో హబ్‌ని లాగుతూ కుడి చేత్తో రాడ్డు కొన మీద బాదాను. ఒకటి వేలి మీద పడింది. వరండాలోంచి మావయ్య "ఏరా, అయిందా?" అంటే "అయిపోతోంది మావయ్యా" అన్నాను. అలా ఓ అరగంట బాదాక, పోనీ ఈ పూటకి నట్టు బిగించి మూసేద్దామంటే నట్టు ఎక్కలేదు. రాడ్డు కొన పాత ఉలి తలలా విచ్చుకుపోయింది. రాని హబ్ ఒకటి, ఎక్కని నట్టు ఒకటి. ఆ రాత్రి అన్నం సయించలేదు.

మర్నాడు ఒక పెద్ద గ్యారేజీ వాణ్ణి పిలిస్తే కారు తలుపు కూడా తియ్యకుండానే "మొత్తం స్టీరింగ్ కాలమ్ మార్చాలి సార్, పద్దెనిమిది వేలు" అన్నాడు. పాత బండి కనిపిస్తే చాలు, ఇలాంటివాళ్లకి పెళ్లిభోజనమే. పానా పట్టుకోవడం రానివాడు కూడా రేటు మాత్రం తడుముకోకుండా చెప్తాడు.

చివరికి ఆటోనగర్ నుంచి ఒక ముసలి మెకానిక్‌ని బతిమాలి తెచ్చాను. ఆయన హబ్ వంక చూడనేలేదు, రాడ్డు కొన చూశాడు.

"సుత్తి ఎవరు పట్టారు బాబూ?"

"ముందు నుంచే అలా ఉందండీ."

ఆయన నా బొటనవేలు చూసి ఊరుకున్నాడు. అంతకంటే తిట్టినా బాగుండేది.

తర్వాత ఆయనే విడమరిచి చెప్పాడు. ఇనుప రాడ్డు మీద అల్యూమినియం, పైగా సముద్రపు గాలి. తేమ చేరితే రెండు లోహాల మధ్య అల్యూమినియం తినుకుపోయి తెల్లటి పొడి అవుతుంది. అది హబ్ జారకుండా పట్టుకునే రాడ్డు పళ్ల సందుల్లో సిమెంటులా పట్టేస్తుంది. నా దెబ్బలు హబ్‌ని వదిలేసి, కింద స్టీరింగ్ బాక్సులో బేరింగుల మీదికి పోయాయట.

ఆకురాయితో మరలు ఒక్కొక్కటే సరిచేయడానికి గంటన్నర పట్టింది. నట్టు మూడు చుట్లు ఎక్కించి అక్కడే ఆపాడు. లేకపోతే హబ్ ఊడిన క్షణంలో నేరుగా మన మూతి మీదికే వస్తుందట. అంచులు పట్టి లాగే మూడు కాళ్ల పుల్లర్ నేనే కొనిపెట్టాను, దాన్ని పక్కన పడేశాడు. అల్యూమినియం అంచులు విరిగిపోతాయన్నాడు. లేత్ షాపులో 10 మి.మీ. ఇనుప పలకకి ఆరు బెజ్జాలు వేయించాం, నాలుగు వందల యాభై అయింది. హబ్‌లో స్టీరింగ్ స్క్రూలు దిగే ఆ ఆరు మరల్లోనే తేలిగ్గా తెగని పొడవాటి హైటెన్సిల్ బోల్టులు దించి, పలక మధ్య బోల్టుతో రాడ్డుని నొక్కాడు. వైర్ల మీద తడిగుడ్డ చుట్టి హబ్‌కి బ్లో ల్యాంప్ మంట చూపించాడు. వేడికి ఇనుము కన్నా అల్యూమినియం రెండింతలు సాగుతుంది. ఈ ముక్క నేను ఇంజినీరింగ్‌లో రాసి మార్కులు తెచ్చుకున్నదే! పరీక్ష హాల్లో గుర్తొచ్చింది గానీ షెడ్డులో రాలేదు.

మొదటిసారి రాలేదు. చల్లారనిచ్చి, బోల్టు ఇంకో పావు చుట్టు తిప్పి, మళ్లీ వేడి చేశాడు. ఠప్‌మని తుపాకీ పేలినట్టు చప్పుడు. మావయ్య కుర్చీలోంచి లేచి వచ్చేశాడు. హబ్ నట్టు దగ్గర ఆగి ఊగుతోంది.

పాత స్టీరింగ్ మళ్లీ బిగించేటప్పుడు పళ్లకి గ్రీజు నేనే రాశాను. కానీ విప్పేముందు రాడ్డు మీద గుర్తు పెట్టుకోవడం మర్చిపోయాను కదా, చక్రం ఒక పన్ను పక్కకి పడింది. తిన్నగా పోతున్నా స్టీరింగ్ ఎడమవైపుకి వాలే ఉంటోంది. మావయ్య ఇంకా గమనించలేదు. ఆదివారం ఆయన గుడికెళ్లాక మళ్లీ విప్పాలి.